చర్మపరీక్షకు చిక్కని ముక్కు అలర్జీ

పొద్దున్న లేవగానే ఆగకుండా తుమ్ములు. కాసేపటికి నీళ్లలా కారే ముక్కు, లోపలంతా దురద, రాత్రి ఏ పక్కకు ఒత్తిగిల్లితే ఆ పక్క బిగుసుకుపోయే ముక్కు రంధ్రం. ఏళ్ల తరబడి ఇలా బాధపడేవాళ్లు తెలుగునాట చాలామందే ఉన్నారు. ఇళ్లలో దీన్ని ‘సైనస్’ అంటారు, లేదా ‘ఇస్నోఫీలియా’ అంటారు. ఎప్పటికో ఒక డాక్టరు అలర్జీ పరీక్ష రాస్తారు. ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చుతారు. ఒక్క దద్దురూ లేవదు. రక్తపరీక్షలోనూ ఏమీ దొరకదు. ‘మీకు అలర్జీ లేదు’ అని చెప్పి పంపేస్తారు. అక్కడితో అలర్జీ గురించి వెతకడం ఆగిపోతుంది.

కొందరి విషయంలో ఆ మాట తప్పు. వాళ్లకు అలర్జీ ఉంది, అయితే అది ముక్కు లోపలి పొర దాటి బయటకు రాలేదు. వైద్యంలో దీన్ని ‘లోకల్ అలర్జిక్ రైనైటిస్’ (ఒక్క ముక్కుకే పరిమితమైన అలర్జీ వాపు) అంటున్నారు. చర్మపరీక్షా రక్తపరీక్షా నెగెటివ్, అదే అలర్జీ కారకాన్ని నేరుగా ముక్కులో పెడితే మాత్రం నిమిషాల్లో తుమ్ములు. ఈ మూడూ కలిస్తేనే ఆ పేరు పెట్టాలి. మొదటి రెండు నెగెటివ్ వచ్చాయి కదా అని మూడోదాన్ని ఊహించుకోవడం కూడా తప్పే. ఆ తప్పు గురించి కింద వివరంగా చెప్పాలి.

ఐజీఈ తయారయ్యే చోటు

అలర్జీకి మూలం ఐజీఈ అనే యాంటీబాడీ. పరుపుల్లో బతికే, కంటికి ఆనని పురుగులైన డస్ట్ మైట్ల విసర్జనలోని ప్రొటీన్లు గానీ, గాలిలో వచ్చే పుప్పొడి ప్రొటీన్లు గానీ ముక్కు పొరకు తగిలినప్పుడు కొందరిలో వాటికి సరిగ్గా అతుక్కునే ఐజీఈ పుడుతుంది. అది వెళ్లి ముక్కు పొరలో, చర్మంలో కాపు కాసే మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. తర్వాత అదే ప్రొటీన్ మళ్లీ వచ్చి పక్కపక్కనున్న ఐజీఈలను కలిపి పట్టుకోగానే మాస్ట్ కణం తన లోపలి హిస్టమిన్‌ను, ట్రిప్టేజ్ అనే ఎంజైమును బయటకు గుమ్మరిస్తుంది. తుమ్ము, దురద, కారడం అన్నీ అప్పుడే మొదలవుతాయి.

చర్మపరీక్ష ఒక నమ్మకం మీద నడుస్తుంది. ముక్కులో అలర్జీ ఉంటే దాని తాలూకు ఐజీఈ రక్తంలో కలిసి ముంజేతి చర్మంలోని మాస్ట్ కణాల దాకా చేరి ఉంటుందన్నదే ఆ నమ్మకం. ఎక్కువమంది విషయంలో ఇది నిజమే. కానీ ఐజీఈ తయారీకి శరీరంలో ఒకే ఒక్క కేంద్రం అంటూ లేదు. ముక్కు పొరలో ఉండే బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసే కణాలు) అక్కడికక్కడే వేరే రకం యాంటీబాడీ నుంచి ఐజీఈకి మారగలవని, ఆ మార్పు జాడలు జన్యు స్థాయిలోనే ముక్కు కణజాలంలో దొరుకుతాయని 2000 తర్వాత వచ్చిన పరిశోధనలు చూపించాయి. మామూలు అలర్జీ ఉన్నవాళ్ల ముక్కులోనూ ఇదే జరుగుతుంది. వాళ్లలో తయారైనది పొంగి రక్తంలోకీ చర్మంలోకీ పారుతుంది. స్థానిక అలర్జీలో తయారైన కొద్దిపాటి ఐజీఈని అక్కడున్న మాస్ట్ కణాలే పట్టేసుకుంటాయి. తప్పించుకుని రక్తంలోకి వెళ్లినది కూడా ఎక్కువ కాలం నిలవదు. స్వేచ్ఛగా తిరిగే ఐజీఈ రక్తంలో రెండు మూడు రోజుల్లోనే సగానికి తగ్గిపోతుంది. మాస్ట్ కణానికి అతుక్కున్నది మాత్రం వారాల తరబడి అలాగే ఉంటుంది. రక్తనాళంలో దొరకనిది ముక్కులో చురుగ్గా ఉండటానికి ఇదొక కారణం.

ఇదేమీ కొత్త సంగతి కాదు. చర్మపరీక్ష నెగెటివ్ వచ్చినా డస్ట్ మైట్లకు ముక్కు స్పందించే రోగుల్లో స్థానికంగా ఐజీఈ తయారవుతోందని 1975లోనే హగిన్స్, బ్రోస్టాఫ్ అనే పరిశోధకులు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రాశారు. దాన్ని దాదాపు పాతికేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003లో బ్రిటన్‌కు చెందిన పోవ్ బృందం దీనికి ‘ఎంటోపీ’ అని పేరు పెట్టింది. ఒళ్లంతా అలర్జీ స్వభావం ఉంటే ‘ఎటోపీ’, ఒక్క చోటే ఉంటే ‘ఎంటోపీ’. 2007 నుంచి స్పెయిన్‌లోని మాలగా నగరంలో కార్మెన్ రొండాన్ బృందం వరసగా చేసిన పని వల్లే ఇది రోగ నిర్ధారణ స్థాయికి ఎదిగింది.

ఒక్క తుమ్ము దీర్ఘకాలపు వాపుగా మారేదెలా

కారకం తగిలిన మొదటి గంటలోపు జరిగేది మాస్ట్ కణాల పని. తుమ్ములూ నీళ్లూ ఆ దశవే. కొన్ని గంటల తర్వాత ఈసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు రక్తం నుంచి ముక్కు పొరలోకి చేరి వాపును నిలబెడతాయి. ఈ దశలో ముక్కు కారడం తగ్గి దిబ్బడ పెరుగుతుంది. పొద్దున్న తుమ్మినవాళ్లకే రాత్రి ముక్కు బిగదీయడం అందుకే.

కారకం రోజూ తగులుతూ ఉంటే ముక్కు ఇంకా సున్నితమవుతుంది. మొదటి రోజు తుమ్ము తెప్పించడానికి ఎంత పుప్పొడి కావాలో, వారం పాటు వరసగా తగిలాక అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. దీన్ని ‘ప్రైమింగ్’ అంటారు. ఈ స్థితికి వచ్చిన ముక్కు అలర్జీతో సంబంధం లేని వాటికి కూడా తిరగబడుతుంది. అగరబత్తి పొగ, పోపు ఘాటు, అత్తరు, ఏసీ గదిలోని చల్లగాలి, ఏదైనా సరే. అప్పుడు రోగి డాక్టరుకు చెప్పే కథంతా పొగా ఘాటూ చల్లగాలీయే. విన్నవాళ్లు ‘ఇది అలర్జీ కాదు, నరాల సున్నితత్వం’ అనుకుంటారు. అడుగున రోజూ పరుపు నుంచి అందే మైట్ ప్రొటీన్ ఎవరి దృష్టికీ రాదు. నిర్ధారణ దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే.

వాపు నెలల తరబడి నిలిస్తే ముక్కు పక్కగోడల మీది టర్బినేట్లు అనే మడతలు ఉబ్బిపోతాయి. జనం ‘ముక్కులో కండ పెరిగింది’ అనేది చాలాసార్లు వీటినే. అదే మాటను పాలిప్‌లకూ వాడతారు, కానీ అవి వేరు. పాలిప్ వేళ్లాడే లేత బూడిదరంగు ద్రాక్షపండులా ఉంటుంది, ముట్టుకున్నా నొప్పి ఉండదు. పాలిప్‌ల లోపల కూడా స్థానికంగా ఐజీఈ పెద్ద మొత్తంలో తయారవుతుంది. అయితే అక్కడ ఎక్కువసార్లు ప్రేరేపించేది పుప్పొడి కాదు, స్టఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా వదిలే విషాలు. బెల్జియంలోని ఘెంట్‌లో బాఖర్ట్ బృందం 2001లో దీన్ని చూపించింది. ఐజీఈని అడ్డుకునే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ చర్మపరీక్ష నెగెటివ్ ఉన్న పాలిప్ రోగుల్లోనూ పనిచేయడానికి కారణం ఇదే. స్థానిక ఐజీఈ రెండు చోట్లా ఉన్నంత మాత్రాన స్థానిక అలర్జిక్ రైనైటిస్ ముదిరి పాలిప్‌లు అవుతాయని అర్థం చేసుకోకూడదు.

ముదిరితే ఇది మామూలు ఒళ్లంతా అలర్జీగా మారుతుందా అన్న ప్రశ్నకు మాలగా బృందమే పదేళ్లు రోగులను వెంటాడి జవాబు తెచ్చింది. పదేళ్లలో చర్మపరీక్షో రక్తపరీక్షో పాజిటివ్ అయినవాళ్లు రోగుల్లో 9.7 శాతం, ఆరోగ్యవంతుల్లో 7.8 శాతం. తేడా లేనట్టే. అంటే ఇది అసలు అలర్జీకి తొలిమెట్టు కాదు, తనంతట తానే ఒక జబ్బు. అయితే అదే పదేళ్లలో ముక్కు బాధ చాలామందిలో పెరిగింది, ఆస్తమా ఉన్నవాళ్ల సంఖ్యా పెరిగింది. ‘పరీక్షల్లో ఏమీ లేదు కాబట్టి తేలిక రకం’ అనుకోవడానికి వీల్లేదు.

ముందు నెగెటివ్‌ను నమ్మొచ్చా?

స్థానిక అలర్జీ అనే ముందు చర్మపరీక్ష నిజంగానే నెగెటివా అన్నది తేల్చుకోవాలి. మన దగ్గర తప్పుడు నెగెటివ్‌కు అన్నిటికంటే పెద్ద కారణం ముందు రోజు రాత్రి వేసుకున్న మాత్ర. మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిసిన మాత్ర దాదాపు ప్రతి ముక్కు రోగి ఇంట్లో ఉంటుంది. మాంటెలుకాస్ట్ వల్ల చర్మపరీక్షకు ఇబ్బంది లేదు. దాంతో కలిసొచ్చే లెవోసెట్రిజిన్ మాత్రం హిస్టమిన్‌ను అడ్డుకునే మందు (యాంటీహిస్టమిన్), దద్దురును లేవనివ్వదు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, సెట్రిజిన్, దురదకు వాడే హైడ్రాక్సిజిన్ కూడా అంతే. పరీక్షకు ఏడు రోజుల ముందు ఆపితే సురక్షితం. కొన్ని డిప్రెషన్ మందులూ ఇలాగే అడ్డుపడతాయి, కానీ వాటిని రాసిన డాక్టరును అడగకుండా ఆపకూడదు.

పరీక్ష చీటీలో చూడాల్సినవి రెండున్నాయి. ఎవరికైనా దద్దురు తెప్పించాల్సిన హిస్టమిన్ చుక్క దగ్గర దద్దురు లేచిందా? లేవకపోతే మొత్తం పరీక్షే చెల్లదు. పోలిక కోసం పెట్టే ఉప్పునీటి చుక్క దగ్గరి దద్దురు కంటే కనీసం 3 మి.మీ. పెద్దదైన దద్దురునే పాజిటివ్‌గా లెక్కించారా? ఆ తర్వాత ఏయే కారకాలు పెట్టారో చూడాలి. ఐరోపా చెట్ల పుప్పొడి ఉండి వయ్యారిభామ, సర్కారు తుమ్మ, మన గడ్డి జాతులు లేని పట్టికలో నెగెటివ్ వస్తే దానికి విలువ తక్కువ. డస్ట్ మైట్లలో డెర్మటోఫాగోయిడిస్ రెండు జాతులతో పాటు ఉష్ణ ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే బ్లోమియా ట్రాపికాలిస్ కూడా ఉండాలి. బొద్దింక, ఆల్టర్నేరియా, ఆస్పర్జిల్లస్ బూజులు ఉండాలి.

మొత్తం ఐజీఈ, ఈసినోఫిల్ కౌంట్ అనే రెండు రక్తపరీక్షల మీద మన దగ్గర ఉన్న నమ్మకం వాటి స్థాయికి మించింది. కడుపులో నులిపురుగులున్నా ఆ రెండు అంకెలూ పెరుగుతాయి, గట్టి ముక్కు అలర్జీ ఉన్నా మామూలుగా ఉండొచ్చు. ‘ఇస్నోఫీలియా’ అనే మాట ఆ కౌంట్ నుంచే ఇళ్లలోకి వచ్చింది. కౌంట్ ఎంతుందన్నది ఏ కారకం వల్ల ముక్కు కారుతోందో చెప్పదు. అది చెప్పాలంటే ఫలానా మైట్‌కు, ఫలానా పుప్పొడికి విడివిడిగా చేసే ఐజీఈ పరీక్ష కావాలి. అందులో 0.35 యూనిట్ల కంటే తక్కువ వస్తే సాధారణంగా నెగెటివ్ అంటారు.

ముక్కునే అడిగే పరీక్ష

నిర్ధారణకు అసలు ఆధారం నాసల్ ఛాలెంజ్, అంటే అలర్జీ కారకాన్ని కొలిచి ముక్కులో కొట్టి ఏం జరుగుతుందో కొలిచే పరీక్ష. చూడటానికి తేలిక. ఏమరుపాటుగా చేస్తే మాత్రం లేని అలర్జీని అంటగడుతుంది.

దానికి ముందు మందులు ఆపాలి. యాంటీహిస్టమిన్ మాత్రలు, స్టెరాయిడ్ స్ప్రే ఒక వారం, ముక్కు తెరిచే చుక్కలు రెండు రోజులు. జలుబు చేసి తగ్గితే నాలుగు వారాలు, ముక్కు ఆపరేషన్ అయితే ఎనిమిది వారాలు ఆగాలి. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు, గర్భిణులకు ఈ పరీక్ష చేయరు.

రోగి గదిలోకి వచ్చాక 15 నుంచి 30 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. ఎండలోంచి ఏసీలోకి వచ్చిన ముక్కు దానంతట అదే బిగుసుకుంటుంది కాబట్టి ఈ ఆగడం తప్పనిసరి. తర్వాత ముక్కు గాలి ప్రవాహం కొలుస్తారు, బాధ ఎంతుందో 100 మి.మీ. గీత మీద గుర్తు పెట్టమంటారు. మొదట కారకం లేని ద్రవాన్నే కొడతారు. దానికే తుమ్ములొస్తే ఆ ముక్కు దేనికైనా స్పందించే స్థితిలో ఉందన్నమాట, ఆ రోజు పరీక్ష ఆపేయాలి. స్పందన లేకపోతేనే కారకాన్ని ఒక్కో రంధ్రంలో 0.1 మి.లీ. చొప్పున రెండు వైపులా కొడతారు. స్ప్రే కొట్టే ముందు రోగి లోతుగా గాలి పీల్చి బిగబట్టాలి, కొట్టాక వదలాలి. లేకపోతే కారకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 10, 20 నిమిషాలకు మళ్లీ కొలుస్తారు. కొన్ని కేంద్రాల్లో గంట దాకా చూస్తారు.

యూరప్ అలర్జీ అకాడమీ 2018లో ఇచ్చిన పద్ధతి ప్రకారం ముక్కుతో పీల్చే గాలి వేగం 40 శాతం పడిపోయినా, గీత మీద బాధ గుర్తు 55 మి.మీ. పెరిగినా అదొక్కటే పాజిటివ్‌కు చాలు. అంతకంటే తక్కువ మార్పయితే కొలత, రోగి మాట రెండూ కలవాలి. పరీక్ష తర్వాత నాలుగైదు గంటలకు రెండోసారి దిబ్బడ రావొచ్చని రోగికి ముందే చెప్పాలి.

ముక్కు కడిగిన నీళ్లలో ఐజీఈని నేరుగా వెతకొచ్చు కదా అనిపిస్తుంది. దొరికితే విలువైనదే, కానీ స్థానిక అలర్జీ ఉన్నవాళ్లలో సగం మందిలో కూడా అది దొరకదు. కడిగే నీళ్లతో పలచబడిపోతుంది, మాస్ట్ కణానికి అతుక్కున్నది నీళ్లతో ఊడిరాదు. పైగా ఏ బాధా లేనివాళ్ల ముక్కు నీళ్లలోనూ కొన్నిసార్లు ఐజీఈ కనిపిస్తుంది. కాబట్టి ముక్కు స్పందించిందా అన్నదే గీటురాయి.

ఇక ఎంతమందిలో ఉంటుందన్న విషయం. మాలగా క్లినిక్‌కు వచ్చిన 428 మంది రైనైటిస్ రోగుల్లో 25.7 శాతం మందికి స్థానిక అలర్జీ తేలిందని 2012లో ప్రచురించారు. అది ఒక ప్రత్యేక అలర్జీ కేంద్రానికి వచ్చినవాళ్ల లెక్క. ఆసియా దేశాల అధ్యయనాల్లో సాధారణంగా ఇంతకంటే తక్కువ కనిపించింది. పరీక్షలు నెగెటివ్ వచ్చిన ప్రతి ముక్కూ స్థానిక అలర్జీ కాదని గుర్తు పెట్టుకోవడానికి ఈ తేడా చాలు. అన్నం తినేటప్పుడే ముక్కు కారితే అది భోజనానికి వచ్చే స్పందన. బీపీకి, ప్రొస్టేట్‌కు వాడే కొన్ని మందులు దిబ్బడ తెస్తాయి. ముక్కు తెరిచే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలను ఐదు రోజులకు మించి వాడితే ఆ చుక్కలే దిబ్బడకు కారణమవుతాయి. మందుల షాపులో అడగ్గానే ఇస్తారు కాబట్టి నెలల తరబడి వాటి మీదే బతికేవాళ్లున్నారు. ఒకే పక్క నుంచి కారడం, ఒకే పక్క రక్తం, చిన్నపిల్లల్లో ఒకే పక్క దుర్వాసన, వంగినప్పుడు ఒక రంధ్రం నుంచి తేటగా కారే ఉప్పటి నీరు, ఇవేవీ అలర్జీ లక్షణాలు కావు. వీటికి ఈఎన్‌టీ డాక్టరు వెంటనే ఎండోస్కోపీతో లోపల చూడాలి.

ఛాలెంజ్ పరీక్ష లేని ఊళ్లో

మన జిల్లాల్లో చాలాచోట్ల ఈ పరీక్ష చేసేవాళ్లు దొరకరు. అయినా చేయగలిగింది చాలా ఉంది. మంచి విషయం ఏమిటంటే మొదటి వరుస వైద్యానికి నిర్ధారణ తేలేదాకా ఆగనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు స్టెరాయిడ్ స్ప్రే. ఫ్లూటికసోన్ ప్రొపియోనేట్ గానీ మోమెటసోన్ గానీ ఒక్కో నొక్కుకు 50 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు మామూలుగా రోజుకొకసారి ఒక్కో రంధ్రంలో రెండు నొక్కులు. ‘పనిచేయలేదు’ అనేవాళ్లలో చాలామంది మూడు రోజులు వాడి ఆపినవాళ్లు, లేదా ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) మీదికి కొట్టినవాళ్లు. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, మొనను ఆ పక్క చెవి వైపు తిప్పి కొట్టాలి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి పోయి చేదు తగులుతుంది, ముక్కులో ఉండాల్సింది ఉండదు. దూలం మీద పడితే రక్తం చారికలొస్తాయి. వెంటనే ఉపశమనం కావాలంటే అజెలాస్టిన్ స్ప్రే పావుగంటలో పని మొదలుపెడుతుంది, రెండూ కలిసినవి కూడా దొరుకుతాయి. మాంటెలుకాస్ట్‌ను చేతికందిన జలుబు మాత్రలా వాడటం మానాలి. నిద్ర, మనఃస్థితి మీద దాని ప్రభావం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తీవ్ర హెచ్చరిక పెట్టింది.

స్ప్రేకు ముందు ఉప్పునీటితో ముక్కు కడిగితే మందు పొరకు నేరుగా తగులుతుంది. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర చెంచా, ఒక చిటికెడు వంటసోడా. నీళ్లు తప్పనిసరిగా మరిగించి చల్లార్చినవే కావాలి. కొళాయి నీటిలో, చెరువు నీటిలో ఉండగల నెగ్లేరియా అమీబా ముక్కు ద్వారా మెదడుకు ఎక్కితే బతకడం అరుదు. ఇక ఆవిరి పట్టడం, బామ్ వేసుకోవడం. మెంథాల్ తగలగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది చల్లదనాన్ని గుర్తించే నరాల వల్ల, గాలి ప్రవాహం కొలిస్తే మారదు. పిల్లలున్న ఇంట్లో మరిగే నీళ్ల గిన్నె ఒలికితే కాలిన గాయాలే మిగులుతాయి.

కారకం ఏదో అనుమానానికి రావడానికి రెండు నెలలు డైరీ రాయడం మంచిది. ఎప్పుడు, ఏ గదిలో, ఏ పని చేస్తుండగా, ఊరు మారినప్పుడు ఏమైంది. పడకగదిలో ఎక్కువ, బయట తక్కువ అయితే మైట్లను అనుమానించాలి. తీరప్రాంతపు తేమలో దూది పరుపులు వాటికి మంచి నివాసం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి, చన్నీటి ఉతుకుకు మైట్లు చావవు. పరుపు ఎండలో వేసే పాత అలవాటు మంచిదే, ఎండకు మైట్లు చస్తాయి. కానీ అలర్జీ చేసేది వాటి విసర్జన, అది ఎండకు పోదు. ఎండబెట్టాక ఆరుబయటే దులపాలి, అలర్జీ ఉన్న మనిషి ఆ పని చేయకూడదు.

ఇమ్యునోథెరపీ దగ్గర మాత్రం ఊహ మీద నడవకూడదు. కారకాన్నే కొద్దికొద్దిగా ఇస్తూ శరీరాన్ని అలవాటు చేసే ఈ వైద్యం స్థానిక అలర్జీలోనూ పనిచేస్తుందని మాలగా బృందం, రోగులను చీటీలు తీసినట్టు గుంపులుగా విడగొట్టి చేసిన రెండు ప్రయోగాల్లో చూపింది. 2016లో మైట్ల మీద 36 మందితో, 2018లో గడ్డి పుప్పొడి మీద 56 మందితో. సంఖ్య చిన్నదే. ఆ రోగులందరికీ ముందుగా ఛాలెంజ్ పాజిటివ్ అని తేలింది. ఆ పరీక్ష లేకుండా, చర్మపరీక్ష నెగెటివ్ వచ్చిన రోగికి ‘బహుశా మైట్లే’ అని మూడేళ్ల ఇంజెక్షన్లు మొదలుపెట్టడం తప్పు. డబ్బు పోతుంది, ప్రతి ఇంజెక్షన్‌తోనూ ఎనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ స్పందన) ప్రమాదం ఎంతో కొంత ఉంటుంది. ఛాలెంజ్ పాజిటివ్ ఉన్న రోగికైనా సరే, అడ్రినలిన్ చేతికి అందే చోట ఇచ్చి, ఇచ్చాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఆస్తమా అదుపు తప్పిన రోజు వాయిదా వేయాలి. ఏడాది పూర్తయినా తుమ్ములూ దిబ్బడా వాడే మందులూ ఏ మాత్రం తగ్గకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం సరికాదు. ఆపేసి, కారకాన్ని సరిగ్గా గుర్తించారా అన్నది మళ్లీ మొదటి నుంచి చూడాలి.